గవ్వలతో పోకర్: అనకాపల్లిలో నాలుగు రోజులు

మా తెనాలిలో పొద్దున రైలెక్కితే సాయంత్రానికి అనకాపల్లిలో దిగిపోవచ్చు. అంత దగ్గరి ఊరికి వెళ్ళొచ్చి యాత్ర రాస్తావా అని నా కుట్టుకొట్టు దగ్గర చేరే స్నేహితులు నవ్వారు. నేను బడిలో చదివింది ఏడో తరగతి. మిగతా చదువంతా మా శాఖా గ్రంథాలయం బల్ల మీద జరిగింది. అక్కడున్న యాత్రా పుస్తకాలు చెదలు తిన్నవాటితో సహా అన్నీ చదివాను. కాశీ వెళ్ళినవాళ్ళున్నారు, కాశ్మీరం వెళ్ళినవాళ్ళున్నారు, ఓడెక్కి సముద్రాలు దాటినవాళ్ళున్నారు. మనుషులు పేకముక్కలు ఎందుకు పట్టుకుంటారో చూసి రావడానికి రైలెక్కినవాళ్ళు మాత్రం ఒక్కరూ కనపడలేదు. రెండువేల ఆరు వేసవిలో నేను ఎక్కాను. చూసింది చూసినట్టు రాసిపెట్టకపోతే మా గ్రంథాలయం బీరువాలో ఆ ఖాళీ అలాగే ఉండిపోతుంది.

నన్ను రైలెక్కించింది మా చెల్లెలు రత్నం. ఆరేళ్ళ కిందట ఆమెను అనకాపల్లి ఇచ్చాం. భర్త సత్యారావుగారు అక్కడ ఒక బెల్లం వర్తకుడి దగ్గర పనిచేస్తారు. పెళ్ళయిన కొత్తలో ఆయనకు డబ్బు పెట్టి రమ్మీ ఆడే అలవాటు ఉండేది. పాప పుట్టినప్పుడు పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టించి, ఇక డబ్బు పెట్టి పేక ఆడనని రత్నం ఒట్టు వేయించుకుంది. ఆ తర్వాత ఆయన నిజంగానే మానేశారని అందరం అనుకున్నాం. ఈ మధ్య బట్టలు ఉతుకుతుంటే ఆయన చొక్కా జేబులో ఒక ఇస్పేటు రాజు, రెండు గవ్వలు దొరికాయట. యజమాని పని ఉందని చెప్పి ఆరు నెలలుగా ప్రతి ఆదివారం ఆయన రాంబిల్లి వెళుతున్నారు. అక్కడ పోకర్ అనే ఆట నడుస్తోందని పక్కింటివాళ్ళెవరో ఆమె చెవిన వేశారు.

రత్నం ఎస్టీడీ బూత్ నుంచి నా కొట్టు పక్కన సోడాలమ్మే బాషా ఫోనుకు చేసింది. ఏడవలేదు. ఏడిస్తే నాకు ఇంకొంచెం తేలికగా ఉండేది.

"అన్నయ్యా, అన్ని పుస్తకాలు చదివావు, మనుషుల్ని కూడా చదవగలవేమో వచ్చి చూడు. డబ్బు పెట్టి ఆడుతున్నారని నువ్వు చెప్తే పిల్లని తీసుకుని నీతోనే వచ్చేస్తా. కాదంటే ఉండిపోతా. తిరుగు టికెట్టు నీ ఒక్కడికా, మాకూ కలిపా అన్నది నువ్వే తేల్చాలి."

మర్నాడే లైబ్రేరియన్ వెంకటప్పయ్యగారి కాళ్ళా వేళ్ళా పడ్డాను. ఆయన అటక మీది పెట్టెలోంచి పోకర్ మీద అట్టలేని పాత ఇంగ్లీషు పుస్తకం ఒకటి తీసి ఇచ్చారు. నిఘంటువు పక్కన పెట్టుకుని పదకొండు రోజుల్లో పూర్తి చేశాను. అది ఎంత తమాషా ఆటో తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. మన రమ్మీలో మంచి ముక్కలు పడినవాడు గెలుస్తాడు. పోకర్‌లో ఏమీ పడనివాడు కూడా గెలవచ్చు, బాగా పడ్డాయని ఎదుటివాళ్ళని నమ్మిస్తే చాలు. నమ్మినవాళ్ళు ముక్కలు పడేసి తప్పుకుంటారు. అందుకని ఆడేవాళ్ళు చేతిలో ముక్కల కన్నా ఎదుటివాడి మొహాన్నే ఎక్కువ చూస్తారు. మనుషులు ఈ ఆట ఎందుకు ఆడతారో నోటుపుస్తకంలో వరుసగా రాసుకున్నాను. డబ్బాశ, కాలక్షేపం, స్నేహం, ఎదుటివాడి మనసు తెలుసుకోవాలన్న కోరిక. ఐదో గీత ఖాళీగా వదిలాను. అది అనకాపల్లికి.

బెల్లం మార్కెట్టు

గురువారం సాయంత్రం రైలు దిగాను. శుక్రవారం తెల్లవారగానే సత్యారావుగారితో మార్కెట్టుకు వెళ్ళాను. మా వైపు మిరప యార్డులో అడుగుపెడితే తుమ్ములు వస్తాయి, ఇక్కడ నోట్లో నీళ్ళూరాయి. పచ్చిచెరుకు, పొగ, పాకం కలిసిన వాసన అది. బెల్లం దిమ్మలు బస్తాల ఎత్తున వరసలు కట్టి ఉన్నాయి. బంగారు రంగు నుంచి ముదురు తేనె రంగు దాకా ఎన్ని ఛాయలో లెక్కపెట్టబోయి పద్నాలుగు దగ్గర ఆపేశాను.

మా బావగారి పని రుచి చూడడం. వేలానికి ముందు ప్రతి వరసలో ఒక దిమ్మను చిన్న ఇనపచువ్వతో గీరి, ముక్క నాలుక మీద వేసుకుని, కరిగేదాకా నిలబడి, చెంబుతో నీళ్ళు పుక్కిలించి పక్కకు కదులుతారు. ఆ తర్వాత యజమాని చెవిలో ఒక మాట చెబుతారు. బావగారికి నచ్చిందని తెలిస్తే మిగతా కొనుగోలుదార్లు పోటీకొస్తారు, నచ్చలేదని తెలిస్తే రైతు గుండె జారిపోతుంది. అందుకని ఆ మొహంలో ఏమీ తెలియకూడదు. గొలుగొండ వైపు నుంచి వచ్చిన ఒక ముసలి రైతు, పరీక్ష ఫలితాల కాగితం ముందు నిలబడ్డ పిల్లాడిలా ఆయన మొహంలోకి చూస్తున్నాడు. నేనూ చూశాను. ఏమీ లేదు. రెప్ప కూడా తేడాగా పడలేదు.

"ఈ బాబు మొగం గోడండి," అన్నాడు ముసలాయన నాతో. "గోడకైనా బీటలుంటాయి."

ఇంటికొచ్చాక భోజనాలు చాప మీద. ఆనపకాయ పులుసులో బెల్లం వేశారు. గుంటూరు నాలుకకు మొదటి ముద్ద శిక్షలాగా, మూడో ముద్ద పండగలాగా ఉంది. మా ఇంట్లో అయితే నా భార్య ప్రతి ముద్దకూ "ఎలా ఉంది?" అని అడుగుతుంది. ఇక్కడ రత్నం అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆయన గోడలాగే తిన్నారు. ఆమె భోజనం అయ్యేదాకా తలెత్తకుండా చాపకేసి చూస్తూ వడ్డించింది. అదంతా కోపమని నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఎంత తప్పు రాశానో మంగళవారం దాకా నాకు తెలియలేదు.

చేతులు కడుక్కునేటప్పుడు ధైర్యం చేసి, ఆదివారం రాంబిల్లికి నేనూ వస్తానన్నాను. ఆయన నాకేసి చాలాసేపు చూశారు. ఏమనుకున్నారో ఆ మొహం చెప్పలేదు.

"రండి బావగారూ. ఎండగా ఉంటాది, గొడుగు తెచ్చుకోండి," అన్నారు.

నక్కపల్లి టీకొట్టు

శనివారం ఆయనకు మార్కెట్టులో పని. డబ్బాట ఎలా ఉంటుందో నేనెప్పుడూ దగ్గర నుంచి చూడలేదు. చూడకపోతే తేడా ఎలా తెలుస్తుంది? అడగ్గా అడగ్గా ఎవరో దారి చెబితే బస్సెక్కి నక్కపల్లిలో దిగాను. హైవే మీద ఒక టీకొట్టు. టీ రెండు రూపాయలు, మా ఊళ్ళో కన్నా గ్లాసు చిన్నది, తీపి రెట్టింపు. కొట్టు వెనక పాక కింద లారీలవాళ్ళు ఐదుగురు రమ్మీ ఆడుతున్నారు. మధ్యలో పదులు, యాభైలు. అప్పటికే ఒకాయన చేతి గడియారం విప్పి పక్కన పెట్టుకున్నాడు. ముక్క తీసేటప్పుడు ఆయన వేళ్ళు వణకడం చూశాను. రేపు రాంబిల్లిలో మా బావగారి వేళ్ళు ఇలా వణికితే టికెట్లు మావాళ్ళకు కూడా తీయాల్సిందే అనుకున్నాను.

అప్పలనాయుడు అనే డ్రైవరు దయతలచి నన్ను తన వెనక కూర్చోనిచ్చాడు. ఆయనకు జోకరు వచ్చింది. నాకంత సంతోషం ఎందుకు కలిగిందో తెలియదు. ఎదుటాయన నా మొహం చూసి వెంటనే ముక్కలు పడేసి ఆటలోంచి తప్పుకున్నాడు.

"బావా, నీ మొగం అద్దంలాగుంది," అన్నాడు అప్పలనాయుడు. "నువ్వెళ్ళి ఆ గేదె ఎనకాల కూకో, దానికేటీ పోదు."

అందరూ పగలబడి నవ్వారు, నేను కూడా. పుస్తకంలో మొహం దాచుకోవడం గురించి ఒక అధ్యాయమంతా చదివి వచ్చాను మరి. ఆట అయ్యాక ఆయనే వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు. ఎందుకు ఆడతారని అడిగాను. గెలవడానికే కదా అని నేనే అందించాను కూడా.

"గెలుపేటి బావా. ముక్క తీసి తిప్పేదాకా ఉంటాది సూడు, ఆ అరసెకను. అప్పుడు నాకు లారీ లేదు, ఓనరు లేడు, మోకాలి నొప్పి లేదు. ముక్క తిరిగేక అన్నీ మళ్ళీ వత్తాయి."

నా టీ డబ్బులు కూడా ఆయనే ఇచ్చాడు. ఈ జవాబు నా పుస్తకంలో లేదు. ఐదో గీత నింపుదామని కలం తీశాను, మళ్ళీ ఎందుకో ఆగాను. అది ఆయన జవాబు, మా బావగారిది కాదు.

రాంబిల్లి ఒడ్డు

ఆదివారం పొద్దున బస్సు దిగి ఇసుకలో నడుస్తుంటే సముద్రం కనపడింది. మా సూర్యలంక సముద్రం చూసినవాడినే అయినా నా కాళ్ళు వాటంతటవే పరుగెత్తాయి. వేసవిలో వేట ఆపేసే రోజులవి. ఇంజను పడవలన్నీ ఒడ్డుకు లాగి ఉన్నాయి. చిన్న తెప్పలవాళ్ళు మాత్రం వెళ్ళొస్తున్నారు. వల భుజాన వేసుకుని ఒకాయన ఎదురొచ్చాడు. ఆ ఉత్సాహంలో "ఎక్కడికండీ?" అని పలకరించాను.

ఆయన ఆగాడు. వల దించాడు. వెనక్కి తిరిగాడు. బయల్దేరేవాణ్ణి ఎక్కడికని అడగకూడదని మా ఇళ్ళలో కూడా అంటారు, కానీ మా వాళ్ళు ఒక నిమిషం కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళిపోతారు. సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళకు ఆ రోజు వేట పోయినట్టే. ఆయన పేరు గురువులు. నేను చేతులు జోడించాను.

"దండాలెందుకు బాబూ," అన్నాడు గురువులు. "పని ఎలాగూ సెడగొట్టేవు. రా, ఆడదాం."

అలా నేను పని చెడగొట్టిన మనిషే నన్ను ఆట దగ్గరికి తీసుకెళ్ళాడు. వలలు బాగుచేసుకునే తాటాకు పాక అది. ఆట నేర్పింది జోసెఫ్. ఆయన ఓడల్లో ఇరవై ఏళ్ళు వంటవాడిగా చేసి, ఏయే దేశాల నావికుల దగ్గరో ఈ పోకర్ నేర్చుకుని వచ్చాడు. ప్రతి ఆదివారం చర్చి నుంచి తెల్లచొక్కాతోనే నేరుగా వస్తాడు. అందరూ ఆయన్ని మావా అంటారు. పాత బిస్కెట్ల డబ్బా తెరిచి తలా యాభై గవ్వలు లెక్కపెట్టి ఇచ్చాడు. డబ్బు ఎప్పుడు బయటికి తీస్తారోనని నేను ఆయన చేతుల్నే గమనిస్తూ కూర్చున్నాను. ఎవరూ తీయలేదు. పందెం ఆ గవ్వలే. అన్నీ పోగొట్టుకున్నవాడు ఆ పూట చేపలు శుభ్రం చేయాలి, అంతే.

డబ్బు ఎందుకు పెట్టరని అడిగాను. జోసెఫ్ నన్ను జాలిగా చూశాడు.

"డబ్బెడితే అందరూ డబ్బుకేసి సూత్తారు. గవ్వలెడితే మొగంకేసి సూత్తారు."

నా గుండె మీది బరువు సగం దిగింది. ఈ మత్స్యకారులకు ఆ ఆట ఎందుకంత బాగా వచ్చిందో కూడా అక్కడే తెలిసింది. చేపలు ఎక్కడ పడ్డాయో ఎవరూ ఎవరికీ చెప్పరట. వల నిండినవాడూ, ఖాళీ వలతో వచ్చినవాడూ ఒకేలాగా నడిచి వస్తారు. తాతల నుంచి మొహాలు దాచుకున్న మనుషుల మధ్య నేను, అద్దంలాంటి మొహంతో కూర్చున్నాను. పావుగంటలో నా యాభై గవ్వలూ అయిపోయాయి. రెండు రాజులు వస్తే నా చెవులు ఎర్రబడతాయని గురువులు చెప్పాడు. నలభై ఏళ్ళు నా చెవులతోనే బతికి నాకా సంగతి తెలియదు. గంపెడు నెత్తళ్ళు ముందేసుకుని శుభ్రం చేస్తూ, వేలు కోసుకుంటూ, పిల్లుల్ని తోలుకుంటూ మిగతా ఆట చూశాను.

సత్యారావుగారు ఆడుతుంటే చూడాలి. అందరిలాగే కాళ్ళు చల్లని ఇసుకలోకి దూర్చి కూర్చుంటారు. ముక్కలు చూస్తారు, గవ్వలు తోస్తారు. వేళ్ళు వణకలేదు. జోసెఫ్, గురువులు ఇద్దరూ ఆటాపేసి ఆయన కళ్ళూ, ముక్కూ, గొంతూ వెతుకుతారు. ఎంత వెతికినా ఏమీ దొరకదు. చివరికి విసిగి ముక్కలు పడేస్తారు. ఒకసారి ఆయన చేతిలో జత కూడా లేకుండానే పాకలో ఉన్న గవ్వలన్నీ గెలిచేశారు. నేను చేతిలో చేపతోనే లేచి నిలబడ్డాను.

మధ్యాహ్నం నెత్తళ్ళ వేపుడు తిని బస్సు కోసం నడుస్తున్నప్పుడు అసలు సంగతి చెప్పేశాను, రత్నం నన్నెందుకు పిలిచిందో, టికెట్ల మాట కూడా. ఆయన పిల్ల నెత్తి మీద ఒట్టుకు భయపడే డబ్బాట మళ్ళీ ముట్టలేదన్నారు. గవ్వలాట అని చెబితే రత్నం నమ్మదని అబద్ధమాడానన్నారు. అయినా ఇంత దూరం వచ్చి ఆడటం దేనికని అడిగాను.

"మార్కెట్లో నా మొగం ఎవులికీ తెలీకూడదు బావగారూ. అదే నా జీతం. ఇంటికొచ్చేక కూడా మొగం అలాగే ఉండిపోతంది, మార్సుకోడం సేతకాదు. మీ సెల్లెలు మొదట్లో అడిగేది, కూర బాగుందా, ఏటాలోసిత్తన్నారు అని. తరవాత మానేసింది. ఇక్కడ ఈళ్ళు నా మొగంకేసి ఎంతసేపు సూత్తారో సూసేరా? ఈడి మనసులో ఏటుందో అని ఒక మనిషి అంతసేపు సూడ్డం ఎంత బాగుంటాదో తెల్సా?"

రోడ్డు పక్కనే నిలబడి ఐదో గీత నింపాను. తనను ఎవరైనా చదవాలన్న కోరిక. పుస్తకం రాసిన ఇంగ్లీషాయనకు ఇది దొరకలేదు. సంతోషంలో అక్షరాలు వంకరపోయాయి. ఈలోపు బస్సు వెళ్ళిపోయింది. గంటసేపు ఎండలో ఉన్నాం, గొడుగు పాకలో మరిచిపోయాను.

చాప మీద

ఇంటి గుమ్మంలో నేను నోరు తెరవకముందే రత్నం "డబ్బు లేదు కదూ?" అంది. అద్దం మొహానికి ఆ ఒక్క లాభం ఉంది. కానీ ఆమె మొహం తేలికపడలేదు.

"డబ్బు లేదు సరే. ఆరు నెలల అబద్ధం ఉంది కదన్నయ్యా."

సోమవారం పొద్దున కూడా ఆమె టికెట్టు మాట ఎత్తలేదు. మా మేనకోడలి గౌన్లు మాత్రం మడతపెట్టి మంచం మీద ఒక దొంతరగా పేర్చింది. అవి బీరువాలోకా, సంచిలోకా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ మధ్యాహ్నం మార్కెట్టు నుంచి రాగానే సత్యారావుగారు ఎవరూ అడగకుండా పేక తీసి రత్నం ముందు పెట్టారు. ఆటేమిటో చూసి అప్పుడు తిట్టమన్నారు. ఆమె చాలాసేపు ఆ పేకను ముట్టుకోలేదు. చివరికి చింతగింజల డబ్బా తెచ్చింది. నేను రెండు మూడు ఆటలు వేసి నేర్పాను. నేను మొదట్లోనే అన్నీ పోగొట్టుకుని, అలవాటు ప్రకారం తప్పుకున్నాను.

తర్వాత జరిగింది నేను బతికినంతకాలం మరిచిపోను. ఆయన గింజలు తోస్తే రత్నం నిదానంగా ముక్కలు పడేసేది. తీరా చూస్తే ఆయనకు మూడు రాణులు. ఇంకోసారి తోస్తే ఈమె రెట్టింపు తోసేది. చూస్తే ఆయన చేతిలో ఏమీ లేదు. ఒక్కసారైనా తప్పలేదు. రాంబిల్లిలో ఎవరూ చదవలేని మనిషిని ఈమె గంటలోపే ఖాళీ చేసింది. ఆఖరి గింజ వెళ్ళిపోయాక ఆయన ముక్కలు కింద పెట్టారు.

"నీకెలా తెలుత్తంది?" అన్నారు.

రత్నం గింజలు డబ్బాలోకి ఎత్తుతూ, "ఆరేళ్ళుగా మీకెదురుగా కూర్చుని అన్నం పెడుతున్నా," అంది.

ఆ గోడ కదిలింది. ఏమైందని చెప్పను, పెదవి వంకరపోయింది, కళ్ళు నిండాయి, నవ్వొచ్చింది, అన్నీ కలిసి ఏది ముందో నాకు తెలియలేదు. నేను లేచి నీళ్ళ కోసం పెరట్లోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి గౌన్ల దొంతర మంచం మీద లేదు, బీరువా తలుపు తెరిచి ఉంది.

"అన్నయ్యా, టికెట్టు ఒక్కటే తీసుకో," అంది రత్నం.

స్టేషన్

మంగళవారం పొద్దున ప్లాట్‌ఫారం మీద, బావగారు నాకోసం బెల్లం దిమ్మ బరువు వేయించడానికి వెళ్ళినప్పుడు, ఆ మొహాన్ని ఎలా చదివిందో చెప్పమని రత్నాన్ని బతిమాలాను. ఆయన ఎడమకాలి బొటనవేలట. కూర బాగుంటే అది పైకి లేస్తుంది. ఉప్పెక్కువైతే ముడుచుకుంటుంది. పెళ్ళయిన మొదటి ఏడాదిలోనే రత్నం కనిపెట్టింది. అందుకే అడగడం మానేసింది, తెలిసినదాన్ని మళ్ళీ ఎందుకు అడగడం? భోజనం అయ్యేదాకా ఆమె చాపకేసి చూసింది కోపంతో కాదు. రాంబిల్లిలో ఆ వేలు ఇసుకలో ఉంటుంది కనుక జోసెఫ్ వెతికిందంతా వృథా. బావగారికి ఆ సంగతి చెప్పవచ్చు కదా అన్నాను.

"చెప్తే దాచేస్తారు. నాతో ఆయనది మాట్లాడేది అదొక్కటే," అంది.

ఇప్పుడు ఆదివారాలు ఆయన ఒకవారం రాంబిల్లిలో, ఒకవారం చాప మీద ఆడుతున్నారట. చాప మీద ఇంతవరకు ఒక్కసారీ గెలవలేదట.

ఈ యాత్రకు పుస్తకం వెతికి ఇచ్చిన వెంకటప్పయ్యగారికి, ఫోను అందించిన సోడా బాషాకు, గేదె వెనక చోటు చూపించిన అప్పలనాయుడుకు, తన వేట నావల్ల పోయినా నన్ను కూర్చోబెట్టి ఆడించిన గురువులుకు, నా గొడుగును బస్సు డ్రైవరు చేత అనకాపల్లి పంపిన జోసెఫ్‌కు, పేరు అడగడం మరిచిపోయిన ఆ గొలుగొండ రైతుకు, మా రత్నానికి, బావగారు సత్యారావుగారికి నా కృతజ్ఞతలు. బావగారు పుస్తకాలు చదవరు. ఇది చదివినవాళ్ళెవరైనా అనకాపల్లి వెళ్ళి ఆయన్ని కలిస్తే, బెల్లం గురించి ఎంతైనా మాట్లాడండి, ఆ వేలి సంగతి మాత్రం దయచేసి చెప్పకండి.